ఫొటో బాగా వచ్చింది, చదువే రాలేదు

2022 ఆగస్టు 16 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో అయ్యవార్లంతా సొంత ఫోన్‌లోని యాప్‌కి మొహం చూపించి హాజరు వేసుకోవాలని ఉత్తర్వు వచ్చింది. అది చూశాక నాకు విషయం తేటతెల్లమైంది. సర్కారుకి కావలసింది ప్రధానోపాధ్యాయులు కాదు, ఫొటోగ్రాఫర్లు. ఇన్నాళ్లూ పైకి చెప్పడానికి మొహమాటపడ్డారంతే.

మీరే చూడండి. అప్పటికే హెచ్‌ఎంలు బడి తెరవగానే మరుగుదొడ్ల ఫొటో తీసేవారు. మధ్యాహ్నం గోరుముద్ద భోజనం ఫొటో. నాడు-నేడు కింద బడి బాగుచేసే పనులుంటే బస్తాలకీ బిల్లులకీ ఫొటోలు. ఆపైన మొహాలు.

కాబట్టి ముందు నియామక నిబంధనలు మార్చాలి. హెచ్‌ఎం పోస్టుకి బీఈడీ దేనికండీ? ఐదేళ్లు పెళ్లి ఫొటోలు తీసిన అనుభవం చాలదూ? పదోన్నతికి జీవోటీ, ఈవోటీ అనే శాఖాపరమైన పరీక్షలు ఎత్తేసి లైటింగు, యాంగిలు, ఫ్లాషు పెట్టాలి. కొత్తగా చేరినవారు మరుగుదొడ్డితో మొదలుపెట్టడం మంచిది. అది కదలదు, కళ్లు మూయదు, "ఇంకొక్కటి తీయండి సార్" అనదు. గోరుముద్దలోని కోడిగుడ్డుకి కాస్త నేర్పు కావాలి, తళతళా మెరుస్తుంది. అన్నిటికన్నా కష్టం టీచరు మొహం. సిగ్నల్ కోసం ప్రహరీగోడ ఎక్కిన మనిషి మొహంలో కళ ఎక్కడినుంచి తెస్తాం?

తనిఖీలూ సులువైపోతాయి. ఎంఈవోగారు ఏ పిల్లవాణ్ణీ లేపి చదవమనక్కర్లేదు, ఆల్బమ్ తిరగేస్తే సరి.

"మీ నాయకత్వం కొంచెం మసగ్గా ఉందండీ హెచ్‌ఎంగారూ!"

"రేపటికి లెన్సు తుడిపిస్తాను సార్."

ఎటొచ్చీ పిల్లలతోనే చిక్కు. తీసివేతలో పక్క అంకె దగ్గర అప్పు ఎందుకు తెచ్చుకోవాలో ఓ పిల్లకి ఉన్నట్టుండి అర్థమైందనుకోండి, ఆ క్షణాన్ని ఏ యాంగిల్లో తీస్తారు? యాప్‌లో దానికి గడి లేదు. గడి లేనిది బడిలో జరగనట్టే!

దేశంలోని పల్లెల్లో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు ఇంచుమించు సగమేనని పిల్లల చదువులపై సర్వే చేసే ఏసర్ 2018 నివేదికే చెప్పింది. మొహాలు గుర్తుపట్టే యాప్ ఆ మిగతా సగాన్ని గుర్తుపట్టదు. గుర్తుపట్టాల్సింది హెచ్‌ఎం. టీచర్లకు నేర్పించడమే కాక వాళ్లతో కూర్చుని తానూ నేర్చుకునే ప్రధానోపాధ్యాయుడి వల్లే పిల్లల చదువుకి అన్నిటికన్నా ఎక్కువ మేలని పరిశోధకురాలు వివియన్ రాబిన్సన్ బృందం 2008లోనే తేల్చింది. ప్రధానోపాధ్యాయులకు ఏటా 50 గంటల శిక్షణ ఉండాలని 2020 జాతీయ విద్యావిధానంలో మనమే రాసుకున్నాం. శిక్షణలో ఏం నేర్పినా ఆచరించే వేళేదీ? వెనక బెంచీలో కూర్చుని పాఠం వినాల్సిన పీరియడ్‌లో హెచ్‌ఎం సర్వర్ కోసం కాచుకుని ఉన్నాడు. సర్కారువారూ, ఆ పీరియడ్‌ని లాక్కున్నది మీరు.

దొంగల మీద పెట్టాల్సిన నిఘా అయ్యవార్ల మీద పెట్టి, దానికి సంస్కరణ అని పేరు పెట్టారు. వాళ్ల మీద నమ్మకం లేకపోతే ఆ మాటే చెప్పండి. రేపు ఫలితాలు దిగజారితే మాత్రం హెచ్‌ఎంలకు షోకాజ్ నోటీసులు పంపకండి. సంజాయిషీ చెప్పుకోవాల్సింది వాళ్ల చేతిలోని సుద్దముక్క లాక్కుని కెమెరా పెట్టినవాళ్లు.