సగం చెల్లే ఫొటో

మంగళగిరి కొండ మీద పానకాల స్వామి నోట్లో బిందెడు పానకం పోస్తే సగం తాగి, సగం భక్తుడికే వదిలేస్తాడంటారు. ఎన్నికల సంఘానికీ ఈ అలవాటు అబ్బింది. తాను అచ్చేసిన ఓటరు కార్డును తానే సగం పుచ్చుకుంటుంది.

పోలింగ్ నాడు కార్డుకు తిరుగులేదు. ఇంట్లో మరిచినా దిగులక్కర్లేదు. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్ పోలింగ్‌లో ఆధార్, పాన్ మొదలుకొని 12 ప్రత్యామ్నాయాలు చెల్లాయి. మంగళగిరి రత్నాలచెరువు నేతగాడికి పాస్‌బుక్ మీది ఫొటో చాలు, కూలీకి ఉపాధి హామీ జాబ్ కార్డు చాలు. ఎమ్మెల్యేల గుర్తింపు కార్డూ జాబితాలో ఉంది. ఊరంతా ఫ్లెక్సీల్లో వేలాడే మొహాన్ని పోలింగ్ అధికారి ఆనవాలు పట్టలేడేమోనని కాబోలు!

బ్రిటన్‌లో 2023లో ఫొటో తప్పనిసరి చేసినప్పుడు ముసలివాళ్ల బస్ పాస్ చెల్లింది, కుర్రాళ్ల రైలు కార్డు చెల్లలేదు. మనమే నయం.

నయమే గానీ, 2025లో బీహార్‌లో ఓటర్ల జాబితాకు ప్రత్యేక సవరణ మొదలైంది. 2003 జాబితాలో లేనివాళ్ల కోసం సంఘం చెప్పిన 11 పత్రాల్లో ఓటరు కార్డు లేదు, ఆధార్ లేదు, రేషన్ కార్డూ లేదు. సెప్టెంబరు 8న సుప్రీంకోర్టు చెబితే ఆధార్ పన్నెండోదిగా చేరింది, అదీ పౌరసత్వానికి రుజువు కాదన్న షరతు మీద. సంఘం సొంత కార్డుకు ఆ భాగ్యమూ దక్కలేదు.

దొంగ ఓట్ల పీడ విరగడ చేయాలని 1993లో అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ శేషన్ పట్టుబట్టి తెచ్చిన కార్డు ఇది. 2021 ఏప్రిల్ 17న తిరుపతి ఉప ఎన్నికలో ఆ కార్డులతోనే దొంగ ఓట్లు పడ్డాయని ప్రతిపక్షాలు గగ్గోలు పెట్టాయి. అధికారిక లాగిన్‌తో 30 వేలకు పైగా కార్డులు డౌన్‌లోడ్ అయ్యాయన్న అభియోగంపై 2024 జనవరిలో ఓ ఐఏఎస్ అధికారి సస్పెండ్ అయ్యారు. ఆరోపణే నిజమైతే దొంగ ఓటరు కూడా నిబంధన తు.చ. తప్పలేదు, ఫొటోతోనే వచ్చాడు.

అసలు ఓటరు సంగతి? 2018 డిసెంబరు 7న తెలంగాణలో ఓటేద్దామని బయల్దేరిన ఎందరికో జాబితాలో పేర్లే లేవు. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల పేరూ గల్లంతే. రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి క్షమాపణ చెప్పారు.

2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఓట్లు తీసేయమంటూ ఫారం-7లు లక్షల్లో వచ్చిపడ్డాయి. ఎవరి పేరుతో వచ్చాయో వాళ్లలో కొందరికి ఆ సంగతే తెలియదు. పోలీసులు కేసులు పెట్టారు. ఆన్‌లైన్‌లో వచ్చిన ఆ దరఖాస్తుదార్ల మొహం మాత్రం ఎవరూ చూడలేదు.