హాజరు పట్టీలో టీ కప్పు

ఈ నెల ఒకటో తారీఖు నుంచి మా ఖరగ్‌పూర్ మథురాకాటీలో చిత్రకారుడు కాని మనిషి లేడు. ఇరవై ఒక్క రోజులు ఆపకుండా రోజుకో ఇంటి వస్తువు బొమ్మ గీసి పంపే పందెం మొదలైంది. మీ ఇంట్లోనూ ఒకరో ఇద్దరో తయారయ్యే ఉంటారు. మా ఎదురింటి కుర్రాడు పన్నెండో రోజు నూట రెండు జ్వరంతో మూలుగుతూ, వాళ్లమ్మ చేత థర్మామీటరు బొమ్మ గీయించి పంపాడు. గండం గట్టెక్కింది. లేకపోతే మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టాలిట.

ఇరవై ఒక్క రోజులే ఎందుకు బాబూ అని నిర్వాహకుణ్ణి అడిగాను. "అది సైన్సు మాస్టారూ" అన్నాడు. ఆ సైన్సు పుట్టిల్లు 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికా ప్లాస్టిక్ సర్జన్ రాసిన పుస్తకం. ముక్కు సరిచేయించుకున్నవాళ్లకు కొత్త మొహం అలవాటు కావడానికి కనీసం ఇరవై ఒక్క రోజులు పడుతోందని ఆయన గమనించాడు. చేతులు మారేసరికి 'కనీసం' ఊడిపోయింది, ముక్కూ ఊడిపోయింది, అంకె మిగిలింది. తర్వాతెప్పుడో లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం అలవాటు కుదరడానికి ఎన్నాళ్లో నిజంగానే లెక్కగడితే సుమారు 66 రోజులని తేలింది, అదీ మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. వాళ్లు చూసినవి మంచినీళ్లు తాగడం, పండు తినడం లాంటి అలవాట్లు. నీళ్లు తాగడానికే అన్నాళ్లయితే గ్లాసు గీయడానికి ఎన్నాళ్లో.

ప్రారంభ సభలో ఒక పెద్దాయన, చిత్రకారుడు నందలాల్ బోస్ మన ఖరగ్‌పూర్ బిడ్డే అని మైకులో గర్జించారు. చప్పట్లు మోగాయి. బోస్ 1882లో పుట్టింది బీహార్‌లోని ముంగేర్ దగ్గరి హవేలీ ఖరగ్‌పూర్‌లో. సరే, పేరు కలిసింది, మహాత్ముణ్ణి కలిపేసుకున్నారు.

ఇక కప్పు.

వాళ్లు పంచుకుంటున్న బొమ్మలన్నీ ఓపిగ్గా చూశాను. సగానికి సగం టీ కప్పులే. బొమ్మ పక్కన అసలు కప్పు, పుస్తకం మీద వయ్యారంగా వాలిన పెన్ను, కింద 'తొమ్మిదో రోజు' అని తేదీ కంటే పెద్ద అక్షరాలు. కప్పు మీద మూడు వంకర గీతలు. అది ఆవిరి. ఫోటోలో టీ చల్లారి మీగడ కట్టింది, బొమ్మలో మాత్రం పొగలు కక్కుతోంది.

ఆ కప్పు మూతి చూడండి. గుండ్రటి మూతిని కాస్త పైనుంచి చూస్తే అణిగిన గుండ్రంలా కనిపిస్తుంది. ఎంత అణిగినా రెండు పక్కలా వంపు తిరుగుతుందే గానీ మొన తేలదు. వీళ్ల కప్పులకు రెండు పక్కలా మొనలే. అచ్చం చేప. తాగబోతే పెదవి తెగుతుంది. బెంగాల్లో ఉన్నాం కదా, చేప మీద మమకారమేమో అనుకుందామంటే గీసేది మన తెలుగువాళ్లాయె.

అడుగు ఇంకా అన్యాయం. స్కేలు పెట్టి కొట్టిన గీత. అంటే మూతిని కుర్చీలో కూర్చుని చూశాడు, అడుగును నేల మీద బోర్లా పడుకుని చూశాడు. ఒకే మనిషి, ఒకే బొమ్మ.

మొదటి రోజు కప్పుకూ అదే చేప మూతి. ఇరవయ్యో రోజు కప్పుకూ అదే. మధ్యలో పెన్ను మారింది, పుస్తకం ఖరీదు మూడింతలైంది, చేప మాత్రం కదల్లేదు. కాఫీ కప్పులూ అంతే. బెంగాలీలు భాఁడ్ అనే మట్టి కప్పూ అంతే.

ఇలా అంకెలు పట్టుకు వేలాడే రికార్డుల పిచ్చి మా ఊరికి కొత్త కాదనుకోండి. అన్నిటికంటే పొడవైనదన్న మా 1072.5 మీటర్ల రైల్వే ప్లాట్‌ఫారం రికార్డు 2013లో గోరఖ్‌పూర్‌కి పోయింది. 2023లో హుబ్బళ్ళి 1507 మీటర్లతో దాన్నీ దాటింది. అయినా చుట్టాలొస్తే ఇప్పటికీ చివరిదాకా నడిపిస్తాం. ఆ ప్లాట్‌ఫారం మీద నిలబడితే అంచులు రెండూ దూరాన ఎలా దగ్గరవుతాయో కళ్లకు కడుతుంది, దూరం గీయడానికి అంతకు మించిన పాఠం లేదు. ఒక్కరూ గీయలేదు. ఇంట్లో వస్తువు కాదట.

చూసి గీయడమంటే మా నాన్నదే. ఆయన వర్క్‌షాపులో ఫిట్టరు. విరిగిన భాగం ఎలా ఉండాలో మాటల్లో చెప్పలేక సుద్దముక్కతో నేల మీద గీసేవారు, ముందునుంచి ఒకటి, పైనుంచి ఒకటి. గీసే ముందు ఆ ముక్కను చేతిలో తిప్పి తిప్పి పది నిమిషాలు చూసేవారు. గీత తప్పితే ఇనుము తప్పుతుంది. ఇదే జిల్లాలో పింగ్లా పక్కన నయా గ్రామంలో పటువాలనే చిత్రకారులు తరతరాలుగా పటాలు గీస్తున్నారు. ఇవాళ ఎన్నో రోజని వాళ్లనెవరూ అడగరు.

ఈ నిర్వాహకుడు పిల్లలకు చెప్పిందేమిటో తెలుసా? "చూస్తూ కూర్చోవద్దు, గీస్తూ పోండి, చెయ్యే నేర్చుకుంటుంది." అబద్ధం. చూడని చెయ్యి తప్పును తప్ప ఏమీ నేర్చుకోదు, రోజూ గీస్తే ఆ తప్పే గట్టిపడుతుంది. ముప్పై ఏళ్లు బడిలో డ్రాయింగు చెప్పి, ఆ మొనలను రబ్బరుతో చెరిపించడానికే నా జీవితం సగం పోయింది. వీడు మూడు వారాల్లో వందమంది పిల్లల చేత వాటిని మళ్లీ మొలిపించాడు. దానికి సర్టిఫికెట్ కూడానట! గేటు దగ్గర హాజరు వేయించుకుని గోడ వెనక కునుకు తీసేవాళ్లు ఎక్కడైనా ఉంటారు, కానీ వాళ్లు దాన్ని అభ్యాసం అనరు.

మా వీధి చివర తొమ్మిదేళ్ల పిల్ల ఒకతి నాలుగు రోజులు వరసగా ఒకే స్టీలు గ్లాసు గీసింది. చెరిపి, గీసి, చెరిపి. కాగితం చిల్లు పడింది. రోజుకో కొత్త వస్తువు గీయాలన్న నిబంధన మీరిందని పేరు కొట్టేశారు. పిల్ల ఏడ్చింది. వాళ్లమ్మ నా దగ్గరకు తీసుకొచ్చింది. పుస్తకం తెరిస్తే నాలుగో గ్లాసు మూతికి మొనల్లేవు.

"మాస్టారూ, మూతి కంటే అడుగే ఎక్కువ వంపుగా కనిపిస్తోంది. నాదే తప్పా?" అంది.

తప్పు కాదమ్మా అన్నాను. ఐదో రోజూ అదే గ్లాసు పెట్టుకుని కూర్చుంది. పేరు ఎలాగూ కొట్టేశారు కాబట్టి తొందర లేదు.