గురి తప్పని నాలుక

బెల్జియంలో ఏ సూపర్‌మార్కెట్‌కెళ్లినా వైన్ అరల ముందు నిలబడితే చీరల కొట్లో కూర్చున్నట్టే ఉంటుంది. ఎన్ని చూసినా ఇంకా ఉంటాయి. రెండు మూడు యూరోల సీసా పక్కనే ఇరవై యూరోల సీసా. ఏది మంచిదో తెలియనివాళ్లు, లేబుల్ పక్కన గుండ్రంగా మెరిసే పతకం స్టిక్కరు చూసి ఒకటి బుట్టలో వేసుకుంటారు. ఎవరో తెలిసినవాళ్లు తాగి చూసే ఇచ్చి ఉంటారని ధీమా.

అక్కడి ఫ్రెంచి భాషా ప్రసార సంస్థ ఆర్‌టీబీఎఫ్‌లో కొనుగోలుదార్ల కోసం ఒక కార్యక్రమం వస్తుంది. 2023లో ఆ కార్యక్రమం వాళ్లు చవక ఎర్ర వైన్ల మీద పడ్డారు. ఎరిక్ బోష్‌మన్‌ని పిలిచారు. ఏ వైన్ ఎలాంటిదో రుచి చూసి చెప్పడంలో ఆ దేశంలో పేరున్న మనిషి.

ఈ పనికో పద్ధతి ఉంది. ముందు గ్లాసు వంచి రంగు చూడాలి. గిర్రున తిప్పి వాసన పట్టాలి. ఒక గుక్క పుక్కిలించి ఉమ్మేయాలి. పులుపూ వగరూ ఒకదాన్నొకటి మింగేయకుండా ఉన్నాయా, ఉమ్మేశాక కూడా రుచి నాలుక మీద కాసేపు నిలిచిందా అన్నది తేల్చాలి. అలా చూడగా చూడగా ఒక సీసా దగ్గర లెక్క తెగింది. ధర రెండున్నర యూరోలు. అప్పటి లెక్కన మన డబ్బుల్లో రూ.225 దాకా.

పాత లేబుల్ తీసేసి, ఏదో జమీందారీ తోటలో పుట్టిన సరుకులా కనిపించేలా ‘షాతో కొలోంబియే’ అని కొత్తది అంటించారు. సీసా ఖరీదుకు ఎన్నో రెట్ల ప్రవేశ రుసుము కట్టి, ఒక అంతర్జాతీయ పోటీకి పంపారు.

ఫలితం వచ్చింది. నోటికి మెత్తగా ఉందట, చురుకుగా ఉందట, నిండుగానూ ఉందట. వాసనలో లేతదనం ఉందట, ముందు ముందు ఇంకా విచ్చుకుంటుందట. ఇచ్చింది మామూలు మెప్పు కాదు, బంగారు పతకం. సీసాల మీద అంటించుకోవడానికి పతకం స్టిక్కర్లు కావాలంటే డబ్బు కట్టి తెప్పించుకోవచ్చు.

రెండున్నర యూరోలకు బంగారం! అన్ని సీసాల మధ్య దాన్నే పట్టుకున్న బోష్‌మన్ నాలుకకు దండం పెట్టాలనిపిస్తుంది. పెట్టవచ్చు కూడా. ఆ నాలుక గురి తప్పలేదు.

కార్యక్రమం వాళ్లు ఆయనకు అప్పజెప్పిన పని, ఆ చవక సీసాలన్నిట్లోకీ పరమ చెత్తదేదో వెతికిపెట్టమని.