సున్నాలు చుట్టడం ఎలా?

మీ కంపెనీ స్టాక్ మార్కెట్లో పెద్ద వెయ్యింటిలో చేరిందా? శుభం. ఇక మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఏటా అడిగే బీఆర్ఎస్ఆర్ అనే బాధ్యతా నివేదిక మీ మెడకు చుట్టుకున్నట్టే. 2012లో వంద కంపెనీలతో మొదలైన తంతు ఇది. 2022-23 నుంచి కొత్త వేషంలో వెయ్యి కంపెనీలకు తప్పనిసరైంది. బెంబేలెత్తకండి. సున్నా గుండ్రంగా చుట్టడం వస్తే ఈ విద్య సగం వచ్చినట్టే.

ముందు ఫిర్యాదుల పట్టిక. ఎన్ని వచ్చాయి, ఎన్ని పెండింగులో ఉన్నాయి అని అడుగుతారు. రెండుచోట్లా సున్నా పడాలంటే కార్మికులను సంతోషపెట్టనక్కర్లేదు, అది ఖర్చు వ్యవహారం. ఫిర్యాదుల పెట్టెను హెచ్ఆర్ మేనేజర్ గది గుమ్మం పక్కన, సీసీ కెమెరా కింద తగిలించండి. తాళంచెవి ఆయన దగ్గరే ఉండాలి. ఫిర్యాదు చేసే పద్ధతిని ఇంగ్లీషులో అచ్చువేసి అంటించండి. ఒడిశా నుంచి వచ్చిన కుర్రాళ్లు దాని మీద చెయ్యి ఆనించి చెప్పులు తొడుక్కుంటారు. మార్చి నెలాఖరున పెట్టె తెరిస్తే రెండు బస్సు టికెట్లు, ఒక ఖాళీ గుట్కా ప్యాకెట్ దొరుకుతాయి. ధైర్యంగా 'నిల్' అని రాయండి.

జీతాల దగ్గర ఫారమే మీ పక్షం. కనీస వేతనంతో సమానంగా ఎందరికి ఇస్తున్నారు, అంతకంటే ఎక్కువ ఎందరికి అని రెండే గడులు. తక్కువ ఇచ్చేవాళ్లకు గడి లేదు. లేని గడిలో ఎవరైనా ఏం రాస్తారు?

చెయ్యి తిరిగినవాళ్లెవరో తేలేది మాత్రం ప్రమాదాల పట్టికలోనే. పది లక్షల పనిగంటలకు, పని పోగొట్టిన గాయాలెన్ని అన్నది మొదటి వరుస. వేలు పోయినా పర్లేదు, పూట పోకూడదు. కాంట్రాక్టు కార్మికులను కూడా కలపమని ఫారంలో ఉంది. కలపండి: వాళ్ల గంటలు మీ లెక్కలో, వాళ్ల గాయాలు కాంట్రాక్టరు లెక్కలో. మీ సొంత మనిషికే దెబ్బ తగిలిందా, 'లైట్ డ్యూటీ' ఉండనే ఉంది. ఒక ఫ్యాక్టరీలో చూశాను, పేరెందుకు లెండి. ప్రెస్ మిషన్‌లో రెండు వేళ్లు నలిగిన మనిషి మర్నాడే టైమ్ ఆఫీసులో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎడమ చేతికి మోచేతి దాకా కట్టు. ముందు ఒక రిజిస్టరు, కుడి చేతిలో పెన్ను. రాయడానికేమీ లేదు. హాజరు పడింది. గేటు దగ్గరి బోర్డు మీద 'ప్రమాదం లేని రోజులు' అంకె ఒకటి పెరిగింది.

తనిఖీకి బయటివాళ్లు వస్తారని దిగులా? 2023-24 నుంచి పెద్ద 150 కంపెనీలు ముఖ్యమైన అంకెలకు బయటి సంస్థ భరోసా తెచ్చుకోవాలన్నారు. 2025 మార్చికల్లా సెబీయే మెత్తబడి, భరోసా కాకపోతే 'అసెస్‌మెంట్' అయినా సరేనంది. సరఫరాదారుల వివరాలు ఇష్టముంటేనే ఇవ్వమంది. ఎలాగూ వచ్చినవాళ్లు చూసేది రిజిస్టరునే. రిజిస్టరు రాసేది మీరు.

అవార్డుకు దరఖాస్తు పెట్టడం మరవకండి. 2008లో సత్యం కంప్యూటర్స్‌కు కార్పొరేట్ గవర్నెన్స్‌లో గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. 2009 జనవరి 7న లెక్కలు బూటకమంటూ ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు ఉత్తరం వచ్చింది. నెమలిని వెనక్కి తీసుకున్నారనుకోండి, అయినా కొన్నాళ్లు షోకేసులో పురి విప్పిందిగా.

మిగిలింది ముఖచిత్రం. హెల్మెట్ పెట్టుకుని నవ్వే కార్మికుడు కావాలి. లైన్ మీద ఉన్నవాణ్ణి పిలిస్తే ఉత్పత్తి ఆగుతుంది, ఆ పని చేయకండి. నేను చెప్పిన ఫ్యాక్టరీకి ఫొటోగ్రాఫర్ వచ్చిన రోజున ఖాళీగా ఉన్నది టైమ్ ఆఫీసులో మనవాడొక్కడే. స్టోర్స్ నుంచి కొత్త హెల్మెట్ తెప్పించి, స్టిక్కర్ పీకి, నెత్తిన పెట్టారు.

"కొంచెం పక్కకి తిరుగు బాబూ. ఆ ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకో."

పెట్టుకున్నాడు. ఫొటో బాగా వచ్చింది.