జీహెచ్ సూత్రత్రయం, టీకా తాత్పర్య సహితం

అవతారిక

కోడ్ మార్పుల లెక్క రాసిపెట్టే గిట్‌ను లైనస్ టోర్వాల్డ్స్ 2005లో రాశాడు. ఆ గిట్ మీద కట్టిన గిట్‌హబ్ 2008లో తలుపులు తెరిచింది. బ్రౌజర్ ముట్టుకోకుండా, నల్లతెర మీదే టైపు చేస్తూ గిట్‌హబ్‌తో మాట్లాడటానికి జీహెచ్ అనే సాధనం వచ్చింది. దాని 1.0 వెర్షన్ వెలువడింది 2020 సెప్టెంబరులో. పొద్దున లేచింది మొదలు వేలమంది పారాయణ చేసే దాని ఆదేశాలకు, అంటే ఈ సూత్రాలకు, ఇంతవరకు ఒక టీక లేదు.

మెదకు సీమలోని కొలచాల నుంచి వచ్చిన మల్లినాథసూరి కాళిదాసుకు టీక రాస్తూ, మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని మాటిచ్చాడు. మొదటి మాట నేనూ ఇస్తున్నాను. రెండోదానికి పూచీ లేదు.

మొదటి సూత్రం

జీహెచ్ పీఆర్ లిస్ట్ --సెర్చ్ "రివ్యూ-రిక్వెస్టెడ్:@మీ"

ప్రతిపదార్థం: జీహెచ్ = ఓ జీహెచ్!; రివ్యూ-రిక్వెస్టెడ్ = "కాస్త చూసిపెట్టు" అని అడగబడినవియు; @మీ = నా నెత్తిన ఉన్నవియు అగు; పీఆర్ = "నా మార్పు కలుపుకోండి" అనే పుల్ రిక్వెస్టుల యొక్క; లిస్ట్ = పట్టీని; సెర్చ్ = వెతికి తెమ్ము.

విశేషం: ఇక్కడ "మీ" శబ్దం శ్లేష. ఇంగ్లీషులో దానికి "నన్ను" అని అర్థం, తెలుగులో "మీ" అనే అర్థం. ఈ సూత్రం కొట్టిన తెలుగువాడికి వచ్చిన పట్టీ అంతా తనది కాక ఎదుటివాళ్లదిగా తోచడానికి ఈ శ్లేషే కారణమని నా అనుమానం. వ్యాకరణం ఒప్పుకోకపోయినా అనుభవం ఒప్పుకుంటుంది.

పాఠాంతరం: "యూజర్-రివ్యూ-రిక్వెస్టెడ్:@మీ". రెంటికీ తేడా ఉంది. మొదటి పాఠంలో నా పేరున వచ్చినవే కాక, నేనున్న టీము పేరున వచ్చినవీ కలుస్తాయి. రెండో పాఠంలో నన్ను పేరుపెట్టి అడిగినవి మాత్రమే. టీము పేరున వచ్చినదాన్ని ఎవరు చూడాలి? అందరూ. కాబట్టి ఎవరూ చూడరు. పదిమందిలో పాము చావదు.

పట్టీ ముప్పైతో ఆగుతుందని కూడా గమనించాలి. వేరే అంకె అడిగితే తప్ప ముప్పై ఒకటోది కనపడదు. మా టీములో ఒకాయన దీన్నే ఆధారం చేసుకుని "నాకు రాలేదే" అని సత్యమే పలుకుతాడు.

రెండో సూత్రం

జీహెచ్ పీఆర్ చెకవుట్ 412

తాత్పర్యం: 412వ పుల్ రిక్వెస్టులోని కోడ్‌ను నా మెషీన్‌లోకి తెచ్చి, నన్ను అందులో నిలబెట్టు.

విశేషం: చెకవుట్ అంటే లాడ్జి గది ఖాళీ చేయడమని కొందరు. అంత తప్పేం కాదు. మన శాఖ ఖాళీ చేసి పరుల శాఖలో చొరబడుతున్నాం కదా. పరకాయ ప్రవేశం లాగా దీన్ని పరశాఖా ప్రవేశం అనవచ్చు. పరకాయానికి పోయేవాడు సొంత ఒంటిని కాపలా పెట్టి వెళ్లాలి. ఇక్కడా అంతే. సగం రాసిన మన కోడ్ కొత్తగా వచ్చేదాని కింద చెరిగిపోయే ప్రమాదం ఉంటే గిట్ కదలనంటుంది. గిట్ స్టాష్ కొట్టి దాన్ని అటక మీద పెట్టాలి. తిరిగి రావడానికి "గిట్ స్విచ్" తరవాత ఒక్క అడ్డగీత చాలు, ముందున్న శాఖకు చేరుస్తుంది. రావడం మరిచి, పరుల శాఖలోనే సొంత కమిట్లు చేసేసినవాళ్లు ఉన్నారు. వాళ్ల పేర్లు రాయను. ఒక పేరు నాది.

మూడో సూత్రం

జీహెచ్ పీఆర్ రివ్యూ 412 --అప్రూవ్

తాత్పర్యం: 412ను ఆమోదిస్తున్నాను.

ఈ టీక రాయడానికి కూర్చున్నదే ఈ సూత్రం కోసం.

ముందు ఛందస్సు. పొట్టి రూపమైన "ఏ" ముందు ఒక గీత, పొడుగు రూపమైన "అప్రూవ్" ముందు రెండు గీతలు. హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు మాత్రలు అన్న లెక్క ఇక్కడ చెక్కుచెదరలేదు. గీత తగ్గించి "-అప్రూవ్" అని కొడితే జీహెచ్ మొదటి అక్షరం "ఏ"ను సరిగ్గానే గుర్తుపట్టి, రెండోదైన "పీ" దగ్గర ఆగి, ఈ అక్షరం నాకు తెలియదు పొమ్మంటుంది. పని జరగదు. గణం తప్పిన పద్యాన్ని పక్కకు తోసేసే అవధాని పట్టుదల ఇది.

ఇక అన్వయం. "నేను 412ను ఆమోదిస్తున్నాను" అనడంలో ఏదో వెలితి ఉంది. "నేను 412ను చదివి ఆమోదిస్తున్నాను" అంటేనే వాక్యం నిండుతుంది. కానీ "చదివి" అనే క్త్వార్థకం మూలంలో ఎక్కడా లేదు, అధ్యాహారం చేసుకోవాలి. చదవడానికి "జీహెచ్ పీఆర్ డిఫ్ 412" అనే వేరే సూత్రం ఉంది. అది కొట్టకపోయినా ఇది పనిచేస్తుంది. అది కొట్టావా అని ఇది అడగదు.

మతాంతరం: లినక్స్ కెర్నల్ సంప్రదాయంలో ఇలా కుదరదు. అక్కడ "రివ్యూడ్-బై" అని పేరు పెట్టడమంటే, సాంకేతికంగా పరిశీలించానని పూచీ పడటమేనని వాళ్ల నియమావళిలోనే రాసి ఉంది. అంటే "చదివి" వాళ్లకు మూలంలోనే ఉంది. ఆండ్రాయిడ్ వాళ్లు వాడే గెరిట్‌లో ఆమోదానికి మార్కులుంటాయి. రెండు మార్కులేస్తే ఆమోదం. ఒక మార్కు వేస్తే దాని అర్థం "నాకు బాగానే ఉంది, కానీ ఆమోదం ఇంకెవరైనా ఇవ్వాలి" అని. పెళ్లిచూపుల్లో మేనమామ ఇచ్చే జవాబు ఇదే.

పూర్వపక్షం: చదవకుండా ఎవరు ఆమోదిస్తారండీ?

సమాధానం: ఒక శుక్రవారం సాయంత్రం ఆరున్నర. బ్యాగు భుజాన వేసుకున్నాను. "అన్నా, చిన్న పీఆర్, ఒక్క లైనే. ప్లీజ్ అన్నా." కుర్రాడు మంచివాడు. నిలబడే సూత్రం కొట్టాను. ఆకుపచ్చ టిక్కు వచ్చింది, క్యాబ్ కూడా వచ్చింది. ఆ ఒక్క లైను ఇది: ఎర్రరంగులో "టైమవుట్ = 30", దాని కింద పచ్చరంగులో "టైమవుట్ = 30000". అక్కడ మిల్లీసెకన్లు అడుగుతారని వాడనుకున్నాడు. ఆ లైబ్రరీ అడిగేది సెకన్లు. ముప్పై సెకన్లు చూసి వదిలేయాల్సిన కనెక్షన్ ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు ఎదురుచూస్తానని కూర్చుంది. శనివారం పొద్దున్నే అవతలి సర్వర్ ఒకటి నిద్రపోయింది. మావన్నీ దాని కోసం వరుసకట్టి నిలుచున్నాయి. ఫోనులో మొదట వినపడిన ప్రశ్న "రాసిందెవరు" కాదు. "అప్రూవ్ చేసిందెవరు".

శనివారమంతా ఆ రెండు లైన్లూ చూస్తూనే ఉన్నాను. చదవడానికి పట్టే సమయం మహా అయితే పది సెకన్లు.

ఈ సూత్రానికి ఒక జంట ఉంది: "--రిక్వెస్ట్-ఛేంజెస్". మార్చమని తిప్పి పంపడానికి. దానికి "--బాడీ" తప్పనిసరి, అంటే కారణం రాయాలి. రాయకపోతే బాడీ ఖాళీగా ఉండకూడదని జీహెచ్ నిలదీస్తుంది. ఊరికే వ్యాఖ్యానించే "--కామెంట్"కూ అదే నియమం. ఆమోదానికి మాత్రం బాడీ అక్కర్లేదు. హత్య కేసుకు బాడీ దొరకాలి, పెళ్లికి అక్షింతలు చాలు, అన్నట్టుంది. కాదనేవాడు సంజాయిషీ రాసుకోవాలి, అవుననేవాడు ఎంటర్ కొట్టి ఇంటికి పోవచ్చు. శుక్రవారం ఆరున్నరకు మనిషి ఏది ఎంచుకుంటాడో ఈ సూత్రకారుడికి తెలియదనుకోను.

మన పీఆర్‌ను మనమే ఆమోదించుకోవడానికి గిట్‌హబ్ ఒప్పదు, ఆ మర్యాద ఉంది. దానికి విరుగుడుగా మావాళ్లు శ్రావణమాసపు పద్ధతి కనిపెట్టారు. ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం. కొంగు కప్పిన చేటలో ఏముందో ఇచ్చేవాళ్లకు తెలుసు, పుచ్చుకునేవాళ్లు అక్కడ తెరిచి చూడరు.

గద్య

ఇది నల్లతెర నివాసియు, శనివార పీడితుండును అగు ఒక ఉద్యోగిచే రచింపబడిన జీహెచ్ సూత్రత్రయ టీకయందు సర్వంబును మూడో సూత్రము. మెర్జ్ సూత్రానికి టీక మొదలుపెట్టలేదు.

ఈ టీకను పెద్దల పరిశీలనకు ఆఫీసు రెపోలోనే ఒక పీఆర్‌గా పెట్టాను, ఇద్దరిని రివ్యూ అడిగాను. ఒకరి ఆమోదం పన్నెండు సెకన్లలో వచ్చింది. బాడీ లేదు.