కాబోయే నాన్నకు కాన్పు లెక్కలు

కాన్పు తేదీ తేల్చడం డాక్టర్ల పని అనుకుని చాలామంది మగవాళ్లు వెనకడుగు వేస్తారు. అంత అవసరం లేదు. ఫోన్లో క్యాలిక్యులేటరు, ఒంట్లో కాస్త బద్ధకం ఉంటే చాలు.

1. కడుపు పడిన రోజును మీరే ఖరారు చేయండి. భార్యను అడగొద్దు, ఆవిడ సరిగ్గా చెప్పేస్తుంది. వీర్యకణాలు లోపల అయిదు రోజుల దాకా బతుకుతాయి, అండం ఒక్కరోజుకు మించి ఆగదు. కాబట్టి కలిసిన రోజే కడుపు పడాలని ఏమీ లేదు. ఆ అయిదింటిలో మీకు కలిసొచ్చేది చీటీ మీద రాసుకోండి. ఎవరైనా నిలదీస్తే "ఆ రాత్రి కరెంటు పోయింది, బాగా గుర్తు" అనండి. కరెంటు పోని ఊరు లేదు.

2. ఇక కూడిక. కడుపు పడిన రోజు నుంచి 266 రోజులు, చివరి నెలసరి మొదటి రోజు నుంచి అయితే 280. రెండంకెలు గుర్తుపెట్టుకోవడం శ్రమ. దేనికైనా 280 వేసేయండి. 14 రోజులు ఊరికే కలిసొస్తాయి. ఉయ్యాల, ఆస్పత్రి సంచీ, డబ్బు సర్దుబాటు అన్నీ అప్పుడు చూసుకోవచ్చు. బిడ్డ మాత్రం 266 లెక్కనే బయల్దేరుతుంది. అది దాని తొందర.

జర్మన్ వైద్యుడు నేగెలే పేరిట ఇంకో సూత్రం ఉంది. నెలసరి తేదీకి ఏడు రోజులు కలిపి మూడు నెలలు వెనక్కి జరపాలి. అది 28 రోజుల నెలసరికి. మీ ఆవిడకు 35 రోజులకోసారి వస్తుంటే మరో వారం కలపాలి. కలపకండి. "డేటు దాటిపోయిందే" అని ఇల్లంతా అల్లాడుతుంటే ధైర్యం చెప్పే పెద్దమనిషి మీరే అవుతారు.

3. ఆషాఢం చిక్కు. కొత్తగా పెళ్లయితే ఆ నెల అమ్మాయి పుట్టింట్లో ఉండాలి, అల్లుడు అత్తారింటి గడప తొక్కకూడదు. అప్పుడు కడుపు పడితే కాన్పు ఎండల్లోకి వస్తుందని పెద్దల భయం. క్యాలిక్యులేటరు లేకుండానే వాళ్లకు లెక్క తెలుసు. మీరు మాత్రం పెరటి దారిన వెళ్లొచ్చారు. ఫర్వాలేదు. 2025లో ఆషాఢం జూన్ 26న మొదలైంది. నెలసరి జూన్ 20, కడుపు పడింది జూలై 4, కాన్పు 2026 మార్చి 27 అనుకుందాం. అత్తగారు వేళ్లు మడిచి వెనక్కి లెక్కపెట్టేలోగా ఆస్పత్రి ఫైలు తెరవండి. డాక్టర్లు గర్భాన్ని నెలసరి రోజు నుంచే లెక్కిస్తారు గనక అందులో జూన్ 20 అని ఉంటుంది. అది జ్యేష్ఠం. వైద్యశాస్త్రం సాక్షిగా మీరు నిర్దోషి. (ఆవిడ ముగ్గుర్ని కన్న మనిషి. ఫైలు వంక చూడదు, మీ వంక చూస్తుంది. నవ్వుతూ నిలబడండి.)

4. మొదటి మూడు నెలల్లో స్కానింగు ఎగ్గొట్టండి. బిడ్డను తల నుంచి పిరుదుల దాకా కొలిచి, వారం అటూ ఇటుగా తేదీ పట్టేస్తారు. కరెంటు పోయిన రాత్రి కథ కాస్తా కంచికి చేరుతుంది. ఎనిమిదో నెలలో తీయించండి. అప్పుడు మూడు వారాల దాకా తేడా రావచ్చు, మీ నోటికొచ్చిన తేదీ చెల్లుతుంది.

5. అందరికీ ఒకే తేదీ చెప్పడం అమాయకత్వం. ఆఫీసుకు ముందుది, బామ్మర్దికి వెనకది. కేంద్ర ప్రభుత్వోద్యోగి అయితే తండ్రి సెలవు 15 రోజులుంటుంది, కాన్పుకు 15 రోజుల ముందు నుంచీ వాడుకోవచ్చు. ముందే వాడేసి నిద్రపోండి. బిడ్డ పుట్టాక ఎవరు పడుకోనిస్తారు?

6. విసుగొస్తే పంతులుగారికి వదిలేయండి. నక్షత్రం ఆయన చూస్తారు, కోత డాక్టరమ్మ చూసుకుంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, మీరొక్కరే వెనకబడటం ఎందుకు? "39 వారాలు నిండాయా?" అని ఆవిడ అడిగితే మీ చీటీ చూపండి.

7. చెప్పిన తేదీకి సరిగ్గా పుట్టేది నూటికి నలుగురో అయిదుగురో. అంటే ఆ దరిదాపుల్లో ఇంటిపట్టున ఉండటం దండగ. స్నేహితులతో అరకు వెళ్లండి. ఘాట్‌రోడ్డులో సిగ్నలు పోతుంది, అదీ మంచికే. కిందికి దిగాక పదిహేడు మిస్డ్ కాల్స్ కనిపిస్తాయి, అన్నీ అత్తగారివే. తిరిగి చేయండి. వెనక పసిగుడ్డు ఏడుపు వినిపిస్తున్నా సరే, "ఇంకా 14 రోజులుంది కదా అత్తయ్యా" అనే మొదలెట్టండి.