చూపు తక్కువ, మురిపెం ఎక్కువ

లంబసింగి మీద రాసేవాళ్లలో చాలామంది ‘ఆంధ్రా కశ్మీర్’ అని మొదలెట్టి, మంచులో టీ కప్పు ఫొటోతో ముగిస్తారు; దారి, వసతుల ఊసే ఉండదు. ఫోనూ కెమెరా లేని ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి బాటల తీరు, నీటి వసతి, అంగళ్లు, బస దొరికే చోట్లు రాసిపెట్టాడు. అందుకే ‘కాశీయాత్ర చరిత్ర’ నేటికీ చరిత్రకారులకు పనికొస్తోంది. దారి గూగుల్ చెబుతుంది కదా అంటారు. చెబుతుంది, మరుగుదొడ్డికి తాళం వేసి ఉందో లేదో, మనం పారేసిన ప్లాస్టిక్ ఎవరు ఏరుతున్నారో చెప్పదు. అవన్నీ రాస్తే లైకులు రావన్నది రెండో వాదన. నిజమే. కానీ లైకులే గమ్యమైతే ఘాట్ రోడ్డు ఎక్కడం దేనికి? వర్ణన ఎలాగూ సిద్ధంగా ఉంది, ఇంట్లో కూర్చునే రాసేయండి, పెట్రోలైనా మిగులుతుంది.